వెనక నడిచే మనిషి

నా భర్త సంచి నేనే సర్దాను. ఉద్యోగం చేసినప్పటి ఖాకీ చొక్కాలు రెండు అడుగున పెట్టాను. వాటి మీద మూడు లుంగీలు, రెండు ప్యాంట్లు, ఒక తువ్వాలు, మోకాళ్లకు రాసుకునే నూనె. నూనె సీసా మూత ఊడిపోతుందేమోనని దారంతో బిగించి కట్టాను. చింతకాయ తొక్కును మూడు కవర్లలో చుట్టాను. మూడు చాలవేమోనని మళ్లీ విప్పి నాలుగోది వేశాను. బియ్యప్పిండి నిప్పట్ల డబ్బా, చెనక్కాయల పొడి, చిన్న బైబిలు. జిప్పు వేసి, తీసి, అన్నీ ఉన్నాయో లేదో చూసి, మళ్లీ వేశాను.

గడప దగ్గర కుర్చీలో కూర్చున్న చెన్నకేశవులు నవ్వాడు.

"అన్నీ ఏసినావు గానీ దానమ్మా, ఈ గడప ఒగటి మరిసినావు. అది గూడా పెరికి సంచిలో ఏసెయ్. ఆయప్పకు ఆడ మన ఇల్లు మతికి రావల్ల గదా."

"నీకేమన్నా, నవ్వుతావు. ఆడ తొక్కు యాడ దొరుకుతాది?"

"మీ ఎడ్విన్ ఆరేండ్ల నుంచి ఆడనే ఉండాడు. తొక్కు లేక సచ్చిపోయినాడా?"

"ప్రయాణం ముందర సావు మాటేందన్నా," అని కసిరాను.

నా భర్త పరంజ్యోతి అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకుంటున్నాడు. మా మాటల్లోకి రాలేదు. మామూలుగా అయితే నన్ను ఆటపట్టించడానికి చెన్నకేశవులుకు వంత పాడేవాడు. ఆ రోజు మీసం మీదే ధ్యాస పెట్టాడు. గోడ కొక్కేనికి నా సంచి ఖాళీగా వేలాడుతోంది. మూడు వారాల కిందటి దాకా అదీ నిండుగానే ఉంది. నింపింది నేనే, ఖాళీ చేసిందీ నేనే.

మాది ఆళ్లగడ్డ. నాకు అరవై ఏడేళ్లు, పరంజ్యోతికి డెబ్బై ఒకటి. ఆయన రుద్రవరం రేంజిలో ఫారెస్టు వాచరుగా ముప్పై రెండేళ్లు నల్లమలలో తిరిగాడు. చెన్నకేశవులు కూడా అక్కడే వాచరు. వాచర్లు అడవిలోకి ఇద్దరిద్దరుగా పోతారు. ముందు నడిచేవాడు నేల చూస్తాడు. అడుగులు, పేడ, తొక్కుడుపడిన గడ్డి, అన్నీ గమనించడం వాడి పని. వెనక నడిచేవాడు నేల చూడకూడదు. పొదలు చూడాలి, చెట్లు చూడాలి, నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూడాలి. ముందువాడి ప్రాణం వెనకవాడి కళ్లలో ఉంటుందని వాళ్లు చెప్పుకునేవారు. ముప్పై రెండేళ్లూ పరంజ్యోతి ముందు మనిషి, చెన్నకేశవులు వెనక మనిషి. ఒక్క రోజు కూడా చోటు మార్చుకోలేదు.

నాకు ఎవరైనా చెప్పులు తొడుక్కుంటున్నారంటేనే గుండె దడ. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాయన బేతంచెర్లలో బండల లారీ ఎక్కి పోయాడు. వారానికి లారీ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. ఎక్కడ దిగాడో డ్రైవరు కూడా చెప్పలేకపోయాడు. తర్వాత నాకు పుట్టిన ఇద్దరు పిల్లలూ నెల తిరక్కుండానే వెళ్లిపోయారు. మా మరిది కొడుకు ఎడ్విన్ పదేళ్లు మా ఇంట్లో పెరిగాడు. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే మిషన్ల పని నేర్చుకొని, ఆ పని మీదే ఉగాండా దేశం పోయాడు. వాడు ఆటో ఎక్కిన రోజు నేను రెండు పూటలు అన్నం తినలేదు.

నేను బడికి పోలేదు. చదవడం నా అంతట నేనే నేర్చుకున్నాను. చర్చిలో పాడే కీర్తనలు నాకు నోటికి వచ్చు. ఇంటికొచ్చి కీర్తనల పుస్తకం ముందు పెట్టుకొని, మెల్లగా పాడుతూ, ఒక్కో మాటకు ఒక్కో చోట వేలు పెట్టుకుంటూ పోయేదాన్ని. రెండేళ్లకు, పాడకుండానే వేలు కదలడం మొదలుపెట్టింది. పరంజ్యోతి అడవిలో ఉన్న రోజుల్లో చదువుకుంటూ కూర్చునేదాన్ని. గడియారం వైపు చూడకుండా ఉండటానికి నాకు అదొక్కటే దారి.

2023 క్రిస్మస్ రోజున ఎడ్విన్ ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, వచ్చే ఏడు మీ ఇద్దరూ ఈడికి రావల్ల. టిక్కెట్లు నేను చూసుకుంటా. కంపాలా నుంచి నాలుగు గంటలు పోతే ఒక చిన్న పార్కు ఉండాది. పెద్ద పార్కుల్లో అయితే జీపు దిగనీరు. ఈడ నడిచి చూడొచ్చు. తుపాకీ పట్టుకొని రేంజరు ముందర, మనం ఎనక. చారల గుర్రాలు మన ఆవుల మాదిరి పక్కనే మేస్తాంటాయి."

పరంజ్యోతి నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"నడిచేనా? నిజంగా నడిచేనా అప్పా?"

ఆయన రిటైరై పదేళ్లు దాటింది. ఆ పదేళ్లలో ఆయన గొంతు అలా మోగడం నేను వినలేదు.

ఆ పార్కు పేరు నేను ఇక్కడ రాయను. దాని తప్పేమీ లేదు. రాయబోతే చేయి ఆగిపోతుంది, అంతే.

నంద్యాల పోయి ఇద్దరం పాస్‌పోర్టుకు ఫొటోలు దిగాం. ఫొటోగ్రాఫరు నవ్వొద్దన్నాడు. నాకు ఆ ఇబ్బంది లేకపోయింది. సంక్రాంతి దాటిన వారం నుంచి రోజూ పొద్దున ఐదున్నరకు కాలువ గట్టు మీద నడక మొదలుపెట్టాం. పరంజ్యోతి నన్ను వెనక నిలబెట్టాడు.

"నువ్వు ఎనకాల మనిషివి. నేల నాకిడిసిపెట్టు. నువ్వు చుట్టూ చూడు. ఏమన్నా కనపడితే అరవొద్దు, నా ఈపు మీద తట్టు, అంతే."

మొదటి రోజు వంద అడుగులు కూడా పోలేదు.

"పాము!" అన్నాను.

"అది పైపు మేయ్."

"ఆ కంపలో ఏందో కదిలింది."

"మేక."

"దాని పక్కన?"

"ఇంగో మేక. దాని పక్కన మేకలోడు. ఆయప్ప కరవడు, నడువు."

చెన్నకేశవులు ఒక్కోసారి సైకిలు తోసుకుంటూ మా వెంట వచ్చేవాడు. "నువ్వీ మాదిరి అరిస్తే ఆడ జంతువులన్నీ పక్క దేశానికి లేసిపోతాయి దానమ్మా. ఎడ్విన్ దుడ్లు పోసి ఖాళీ అడివి చూపియ్యల్ల," అనేవాడు.

నవ్వుకున్నాను కూడా. నిజం చెప్పాలంటే ఆ ఆరు నెలలు నా పెళ్లయ్యాక నాకు దొరికిన మంచి రోజులు. ముప్పై రెండేళ్లు ఆయన అడవికి పోతుంటే నేను గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడు ఆయన వీపు నా కళ్ల ముందే ఉంది. ఎక్కడికి పోతున్నాడో నాకు కనిపిస్తోంది. ఇంతకంటే నాకేం కావాలి?

శాఖా గ్రంథాలయం నుంచి జంతువుల పుస్తకాలు తెచ్చి చదివాను. ఆయనకు కూడా చదివి వినిపించేదాన్ని. నీటిగుర్రం గురించి ఒకచోట రాసి ఉంది. పగలంతా నీళ్లలో పడి ఉంటుందట. పొద్దుగూకాక గడ్డికి ఒడ్డెక్కి, తెల్లారేసరికి మళ్లీ నీళ్లకు దిగుతుందట. దానికీ నీళ్లకూ మధ్యలో మనిషి నిలబడకూడదట.

"గడ్డి తినేదానికి అంత కథేంది?" అన్నాడు పరంజ్యోతి. "ఎనుము గడ్డి తినదా? యిను, నల్లమలలో జంతువు దారే మనిషికి దారి. అది సక్కగా నీళ్ల కాడికి తీసకపోతాది. యా జంతువు తిరుగుతాందో తెలియాలంటే పొద్దున్నే నీళ్ల కాడ చూడల్ల. అడుగులన్నీ ఆడనే దొరుకుతాయి."

"ఇది నల్లమల కాదు గదప్పా."

"అడివి అడివే."

జూన్ వచ్చేసరికి గంటసేపు అరవకుండా నడవగలిగాను. ఒకరోజు కాలువ మలుపులో నిజంగానే పాము కనిపించింది. గట్టు పక్క రాళ్ల మీద ఉంది. నేను అరవలేదు. ఆయన వీపు మీద రెండుసార్లు తట్టాను. ఆయన ఆగి, చూసి, పాము పోయేదాకా నిలబడి, వెనక్కి తిరిగాడు.

"చెన్నకేశవులు కంటే నువ్వే నయం మేయ్," అన్నాడు.

ఆ రోజు సాయంత్రం నా సంచి దింపి సర్దడం మొదలుపెట్టాను. ప్రయాణానికి ఇంకా ఆరు వారాలుంది.

ఉగాండా పోవాలంటే ఎల్లో ఫీవర్ అనే పచ్చజ్వరానికి సూది వేయించుకొని, వేయించుకున్నట్టు పసుపు రంగు కార్డు చూపించాలి. జూలై మొదటి వారంలో ఇద్దరం బస్సులో హైదరాబాదు పోయాం. అక్కడ చాలా రద్దీగా ఉంది. పరంజ్యోతి నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఇద్దరి కాగితాలూ తీసుకొని లోపలికి పోయాడు. నా పేరు పిలిచినప్పుడు వచ్చి తీసుకుపోతానన్నాడు. గంటన్నరకు చేయి ఒత్తుకుంటూ బయటికి వచ్చాడు. చేతిలో ఒకటే కార్డు ఉంది.

"నీకు ఏయరంట," అన్నాడు.

"యాల?"

"అరవై దాటినాయి, బీపీ ఉండాది. ప్రమాదం అంటాండారు."

"నీకూ దాటినాయి గదప్పా."

"నాకు బీపీ ల్యాదు గదా. సూది ల్యాకుంటే ఆ దేశంలోకి రానీరు. ఏం జేద్దాం."

నేను బెంచీ మీదే కూర్చుండిపోయాను. ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. ఆ మాట విన్న మొదటి క్షణం నా గుండె తేలికైంది. విమానం ఎక్కక్కర్లేదు, అంతే అనుకున్నాను. రెండో క్షణంలోనే ఏడుపు వచ్చింది. "నువ్వు గూడా మానుకో అప్పా" అని అడుగుదామనుకున్నాను. ఆయన ముఖం చూసి అడగలేకపోయాను. ఆళ్లగడ్డ చేరేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు. నాకోసం బాధపడుతున్నాడనుకొని నా చేతిని ఆయన చేతి మీద పెట్టాను.

జూలై 29న నంద్యాల స్టేషనులో ఆయనను రైలెక్కించాం. ఎడ్విన్ కంపెనీలో పనిచేసే బేతంచెర్ల మనిషి ఒకాయన సెలవు ముగించుకొని తిరిగి పోతున్నాడు. ఆయన తోడు. చెన్నకేశవులు సంచి లోపల పెట్టి దిగాడు. నేను కిటికీ దగ్గర నిలబడి జాగ్రత్తలు చెప్పాను. నీళ్లు కాచి తాగు. సంచి కాళ్ల మధ్య పెట్టుకో. రేంజరు చెప్పినట్టు విను. ఒక్కడివే యాడికీ పోవద్దు. అన్నిటికీ "సరే" అన్నాడు. ఒక్కదానికీ విసుక్కోలేదు. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో నా జాగ్రత్తలను ఆయన అంత ఓపికగా విన్నది లేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

రోజూ ఫోన్ చేసేవాడు. మొదటి వారమంతా కంపాలా కబుర్లు. ఆగస్టు 7న పార్కుకు చేరారు. ఆ సాయంత్రం చేసిన ఫోన్ మాత్రం వేరే మనిషి చేసినట్టుంది.

"మేయ్, మూడు గంటలు నడిస్తిమి! తుమ్మచెట్లు ఉండాయి, మన తుమ్మ మాదిరే, ముండ్లు మాత్రం ఏలంత. అడివి ఎనుములు దూరంగా. చారల గుర్రాలు యాభై అడుగుల్లో నిలబడి మమ్మల్ని చూస్తాండాయి. వాటి పిల్లలకు చారలు నల్లగా ఉండవే, మట్టి రంగులో ఉంటాయి. జింకల మంద అయితే మేము పోతాంటే రెండుగా చీలి దారి ఇచ్చింది."

"రేంజరు ముందర ఉన్యాడా? తుపాకీ ఉందా?"

"ఆయప్ప కాదు మేయ్, ఆయమ్మ! ఆడమనిషి. గ్రేసు అంట పేరు, మన చర్చి పేరే. ఆ తుపాకీ భుజాన ఏసుకొని ఏం నడక అది! నేను పేడ చూసి ఇది నిన్నటిది అంటి. ఎడ్విన్ ఆయమ్మకు చెప్పినాడు. ఆయమ్మ వంగి చూసి, అవును అని నాకు చెయ్యి ఇచ్చింది."

ఆయన సంతోషం నాకూ సంతోషమే. కాకపోతే ముప్పై రెండేళ్లు "ఆడోళ్లకు అడివి యాడిది" అన్న మనిషి ఆయనే. ఆ మాట మింగేసి, "రేపు గూడా ఆయమ్మ ఎనకాలే నడువు," అన్నాను.

"సరే," అన్నాడు.

మర్నాడు, గురువారం సాయంత్రం, ఎడ్విన్ భార్య సిరి వీడియో కాల్ చేసింది. వాళ్లు దిగిన గుడిసె వరండా నుంచి చెరువు చూపించింది. నీళ్లలో నల్లటి బండల్లాంటివి తేలుతున్నాయి. అవే నీటిగుర్రాలంది.

"ఎంత బాగుండాదో చూడు పెద్దత్తా. నువ్వు గూడా వచ్చింటే ఎంత బాగుండు! నువ్వేమో మొండికేసి రానంటివి."

"నేనెప్పుడన్నానమ్మా?"

"ఇమానం అంటే భయం, బలవంతం చేస్తే అన్నం మానేస్తా అన్యావంట గదా. పెద్దమామ చెప్పినాడు. ఆ మాట నీ కాడ ఎత్తొద్దన్యాడు. నీకని బూట్లు గూడా కొనింటి. ఇదో, చూడు." నీలం రంగు గుడ్డ బూట్లు ఎత్తి చూపించింది. నా పాదానికి సరిపోయేలాగే ఉన్నాయి.

"నాకు సూది ఏయరాదన్యారు గదా సిరీ. బీపీ ఉందని."

సిరి బూట్లు కింద పెట్టింది. "బీపీకా? మా నాయనకు బీపీ, షుగరు రెండూ ఉండాయి పెద్దత్తా. డెబ్బై నిండినాయి. డాక్టరు చూసి సరేనని ఏసినాడు. మార్చిలో వచ్చి నెల రోజులుండి పోయినాడు."

"ఆయప్పకు ఇయ్యి ఫోను," అన్నాను.

పరంజ్యోతి ముఖం ఫోనులోకి వచ్చింది. సిరి మాటలు ఆయన కూడా విన్నట్టున్నాడు. నా వైపు చూడలేదు.

"ఏమప్పా, హైదరాబాదులో నా కాగితం లోపల ఇచ్చినావా?"

చెరువు వైపు చూశాడు.

"నిన్నే. ఇచ్చినావా?"

"ల్యా."

"డాక్టరు నా పేరన్నా యిన్యాడా?"

"ల్యా అంటాండా గదా. నీ కాగితం నా జోబులోనే ఉన్యాది."

"యాల?"

వెనక ఎక్కడో పక్షి అరుస్తోంది. ఆయన ఫోను పట్టుకొని నాలుగడుగులు పక్కకు నడిచాడు.

"నువ్వొస్తే నన్ను నడవనీవు దానమ్మా. నాకు డెబ్బై ఒగటి. ఇంగో అడివి చూస్తానో లేదో. ఉద్యోగంలో ఉన్నన్ని దినాలూ గుమ్మంలో నీ మొగం చూసి పోయేవాన్ని. నల్లమలలో యా పొద కదిలినా నాకు ముందు కనపడేది నీ మొగమే. ఒక్క తూరి, ఒకే ఒక్క తూరి, అది లేకుండా నడవల్లనుకున్యా. అంతే."

"ఆ మాట నాకు చెప్పచ్చు గదా."

"చెప్తే ఏడుస్తావు."

"ఏడ్సి సంచి సర్దిచ్చేదాన్ని. నేను రానన్యానని పిల్లోళ్లకు ఎందుకు చెప్పినావు?"

ఆయన మళ్లీ చెరువు వైపు తిరిగాడు.

"ఎనకాల మనిషివి నువ్వే అంటివి. చెన్నకేశవులు కంటే నయం అంటివి. అదీ అబద్ధమేనా?"

"అది..." అన్నాడు.

నేను ఫోను కట్టేశాను. ఏం చెప్పబోయాడో వినలేదు. మళ్లీ మోగింది. ఏడుసార్లు మోగేదాకా చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఫోను ఆపేశాను.

ఆయన నన్ను వదిలి పోవడం నన్ను అంతగా కోయలేదు. నా నుంచి తప్పించుకోవాలని ఎవరికైనా ఎప్పుడైనా అనిపిస్తుందని నాకు తెలుసు. నాకే ఒక్కోసారి నా నుంచి తప్పించుకోవాలనిపిస్తుంది. కానీ నాకు డాక్టరు మీద చెప్పాడు, పిల్లలకు నా మీద చెప్పాడు. నా భయాన్నే నా మీద సాక్ష్యానికి పిలిచాడు. అందరూ నమ్మారు, ఎందుకంటే దానమ్మ భయపడుతుందని అందరికీ తెలుసు. బస్సులో ఆయన చేతి మీద నా చేయి పెట్టానే, అప్పుడు ఆయన జేబులో నా కాగితం ఉంది. అది తలచుకున్నప్పుడల్లా ఆ చేతిని కడుక్కోవాలనిపించింది.

శుక్రవారం పొద్దున పదిన్నరకు చెన్నకేశవులు వచ్చాడు. పరంజ్యోతి రాయబారానికి పంపాడనుకున్నాను.

"ఫోను యాల ఆపేసినావు దానమ్మా?" అన్నాడు గుమ్మంలోనే.

"నా ఇష్టమన్నా. నీకూ తెలుసా ఈ సూది సంగతి?"

ఆయన కుర్చీలో కూర్చోలేదు. కింద నేల మీద కూర్చున్నాడు.

"నిజం చెప్పన్నా. తెలుసా?"

"తెలుసు. ఆ ఉపాయం చెప్పింది నేనే. దానమ్మకు బీపీ ఉందని చెప్పు, నమ్ముతాది అంటి. ముప్పై రెండేండ్లు ఎనకాల నడిచినోన్ని, ఆయప్పకు ఏం కావల్నో నాకు తెలుసు అనుకుంటి."

"మరి నాకేం కావల్నో?"

"నన్ను తిట్టు దానమ్మా, తర్వాత తిడుదువు గానీ. నేను వచ్చింది దానికి కాదు." తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "నీకు ఫోను తగలక ఎడ్విన్ నాకు చేసినాడు. పరంజ్యోతి పోయినాడమ్మా."

నాకు ఆ మాట ఎక్కలేదు. "యాడికి?" అని అడిగాను.

ఆయన తన ఫోను కలిపి నా చేతికిచ్చాడు. ఎడ్విన్ ఏడుస్తూనే చెప్పాడు.

"తెల్లారి నేనొచ్చేదాంక ఎవురూ నీళ్ల దిక్కు పోవద్దని రేంజరమ్మ నిన్ననే చెప్పింది పెద్దమ్మా. పెద్దనాయన సరే అన్యాడు. లేచి చూస్తే మంచం మీద లేడు. చెరువు నుంచి గడ్డి లోపలికి నీటిగుర్రాలు నడిచిన దారి ఉండాది. ఆ దారి పట్టుకొని నీళ్ల దిక్కు పోయినాడు. ఆయమ్మ నాకు అడుగులు చూపించింది. నాలుగు వేళ్ల అడుగులు, ఇంత పెద్దవి. వాటి పక్కనే పెద్దనాయన చెప్పుల గుర్తులు. ఒక చోట మోకాలు ఆనిచ్చి వంగి చూసినాడు. నీటిగుర్రం ఒగటి గడ్డి మేసి నీళ్లకు తిరిగొస్తాందంట. ఎనక నుంచి వచ్చింది. ఆయప్ప తిరిగి చూసినట్టు గూడా ల్యాదు."

స్పీకరులో ఉన్న ఆ మాటలు చెన్నకేశవులు కూడా విన్నాడు. "ఎనకాల ఎవురూ ల్యారు గదా. ఎట్ల చూస్తాడు," అని తల నేలకు ఆనించి ఏడ్చాడు.

పరంజ్యోతి మూర్ఖుడు కాదు. జీవితమంతా నేల చూసి నడిచాడు. తల ఎత్తి చుట్టూ చూసే పని ఎప్పుడూ ఇంకొకరిది. వెనక మనిషి లేని రోజు ఆ పని తనే చేసుకోవాలని ఆయనకు ఎవరూ నేర్పలేదు, నేర్చుకోవాల్సిన అవసరమూ రాలేదు. కొత్త జంతువు అడుగు కనిపించింది, వంగాడు. పుట్టి బుద్ధెరిగాక చూడని అడుగు అది. నేనున్నా వంగేవాడే. నేనుంటే వీపు మీద తట్టేదాన్ని. అసలు పోనిచ్చేదాన్ని కాదంటారా, అదీ నిజమే. అందుకే కదా నన్ను తీసుకుపోలేదు.

"పెద్దమ్మా, యింటాండావా?" అన్నాడు ఎడ్విన్. "నువ్వు వస్తావా? నేను టిక్కెట్టు తీస్తా."

"సూది ల్యాదు నాయనా నాకు."

వాడు రోజులు లెక్కవేశాడు. "ఇప్పుడు ఏయించుకొన్యా పది దినాలు ఆగల్ల. అన్ని దినాలు ఈడ పెట్టుకోవడం కష్టం పెద్దమ్మా. అయితే పెట్టెలో పంపిస్తాం. నాలుగు దినాల్లో ఆళ్లగడ్డకు వస్తాడు. నువ్వు ఊ అను, కాగితాలు నేను చూసుకుంటా."

ఆళ్లగడ్డకు వస్తే ఏం జరుగుతుందో నాకు కళ్లకు కట్టింది. చర్చి నిండా జనం. బేతంచెర్ల నుంచి మా మరిది, వాళ్ల బంధువులు. ఒక్కొక్కరూ నా భుజం మీద చేయి వేసి, నువ్వు గూడా పోయింటే బాగుండు గదమ్మా, అంత భయమేందమ్మా అంటారు. నేను తల వంచుకొని ఏడుస్తాను. సమాధి పూడ్చేదాకా ఆయన అబద్ధాన్ని నేను మోయాలి.

"ఎడ్విన్, నాకొక పని చెయ్యి. నేను రానన్లేదని మీ నాయనకు ఫోన్ చేసి చెప్పు. వాళ్లందరికీ చెప్పు."

"ఇప్పుడా పెద్దమ్మా ఆ మాట?"

"ఇప్పుడే. దానమ్మ రానన్లేదు, సూది ఏయరాదని డాక్టరు అన్లేదు, పెద్దనాయన తీసకపోలేదు అని చెప్పు."

"చెప్తా," అన్నాడు వాడు. "పెట్టె సంగతి?"

"తేవద్దు. ఆడనే పెట్టండి. మీ చర్చి వాండ్లతో మాట్లాడు."

చెన్నకేశవులు తల ఎత్తాడు. "దానమ్మా, తిక్క మాట మాట్లాడాకు. కోపం ఈ పొద్దుంటాది, రేపు పోతాది. మనిషిని మన్నుకు తెచ్చుకోవల్ల. ఊరేమంటాది?"

"ఏమన్నా అననీ."

"నేను తప్పు చేసినా. నా కోసం ఆయప్పను శిక్షించాకు."

"ఇది శిక్ష కాదన్నా. నన్ను ఒద్దనుకొని పోయినాడు. ఎన్నడూ నన్ను ఒక మాట అడగల్లనుకోలేదు. ఇప్పుడు పెట్టెలో పెట్టి ఆయప్పను అడక్కుండా నా కాడికి పిలిపించుకుంటే నేనూ అదే పని చేసినట్టు. ఆయప్పకు ఆడ నడవల్లనుండింది. ఆడనే ఉండనీ."

చెప్పినంత తేలిగ్గా లేదు. ఫోను పెట్టేశాక మళ్లీ చేసి, "ఎడ్విన్, తీసుకురా నాయనా" అనాలని రెండుసార్లు చేయి చాచాను. రెండుసార్లూ చెన్నకేశవులు ఫోను నా ముందుకు జరిపాడు. నేను ముట్టుకోలేదు.

కంపాలాలో వాళ్ల చర్చి సమాధుల దొడ్డిలో ఆగస్టు 12న పెట్టారు. సిరి వీడియోలో చూపిస్తానంది, నేను వద్దన్నాను. ఎడ్విన్ మాట నిలబెట్టుకొని బేతంచెర్లకు ఫోన్ చేశాడు. మా మరిది ఆదివారం వచ్చి నా ఎదుట కూర్చుని, టీ తాగి, పోయేటప్పుడు "మాకు తెలియలేదు వొదినా," అన్నాడు. చెన్నకేశవులు రోజూ సాయంత్రం వస్తాడు. మాట్లాడుతాను. క్షమించానా అంటే చెప్పలేను. పరంజ్యోతి ఆ "అది" తర్వాత ఏం చెప్పబోయాడో నాకంటే ఆయనకే బాగా తెలుస్తుందేమోనని ఒకసారి అడిగాను. ఆయనా చెప్పలేకపోయాడు.

డిసెంబరులో ఎడ్విన్, సిరి వచ్చి పదిహేను రోజులుండి పోయారు. వాళ్లు ఆటో ఎక్కేటప్పుడు నేను ఒక్క జాగ్రత్త కూడా చెప్పలేదు.

నా భర్త పరంజ్యోతి రాలేదు. 2024 ఆగస్టు 9, శుక్రవారం పొద్దున, ఉగాండాలో చనిపోయాడు.